పాత ఐ5-2500కే ఇంకా వాడుతున్నారా? ఓవర్‌క్లాక్ ఎలా చెయ్యాలి, ఎక్కడ ఆగాలి

పాత డెస్క్‌టాప్‌ని ఇంకో రెండేళ్ళు లాగేద్దాం అనుకునేవాళ్ళ కోసం ఇది. ఉదాహరణకి ఇంటెల్ ఐ5-2500కే తీసుకుంటున్నా, 2011 జనవరిలో వచ్చిన ప్రాసెసర్ చిప్, ఓవర్‌క్లాకింగ్ (అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన స్పీడ్‌కన్నా ఎక్కువ స్పీడ్‌లో నడపడం) నేర్చుకోడానికి ఇంత సులువైంది మళ్ళీ రాలేదని నా అభిప్రాయం. బేస్ స్పీడ్ 3.3 గిగాహెర్ట్జ్, ఒక్క కోర్ మీదే లోడ్ ఉంటే టర్బోలో (తనంతట తనే స్పీడ్ పెంచుకునే పద్ధతి) 3.7 దాకా వెళ్తుంది, నాలుగు కోర్లూ పనిలో ఉంటే 3.4 దగ్గర ఆగిపోతుంది. కంపెనీ ఇచ్చిన లెక్క ఇది. మంచి కూలర్ పెడితే మాత్రం వీటిల్లో చాలావరకు 4.2 నుంచి 4.5 దాకా పెద్ద గొడవ చెయ్యకుండా వెళ్ళిపోతాయ్. ఐ7-2600కే, 2700కే ఉన్నా ఇదే పద్ధతి. 2012లో వచ్చిన 3570కే అయితే పద్ధతి ఒకటే కానీ కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది, ఎందుకంటే 2500కేలో చిప్‌కీ పైన ఉండే మెటల్ మూతకీ మధ్య సోల్డర్ ఉంటుంది, 3570కేలో దాని బదులు వేడిని దాటించే మామూలు పేస్ట్ పెట్టారు.

ఒక్క మాట ముందే చెప్పేస్తా. మీ కంప్యూటర్‌లో ఇంకా హార్డ్‌డిస్క్ మీదే విండోస్ నడుస్తుంటే, ర్యామ్ 4 జీబీనే ఉంటే, ఇది ఇక్కడే ఆపేసి ముందు ఒక ఎస్‌ఎస్‌డీ, ఇంకో ర్యామ్ స్టిక్ కొనుక్కోండి. క్రోమ్ ఓపెన్ అవ్వడానికి నిమిషం పడుతుందంటే ప్రాసెసర్ తప్పు కాదు అది, ఓవర్‌క్లాక్ చేసినా అది మారదు. అవి రెండూ ఉండి, వీడియో ఎడిటింగ్‌లోనో గేమ్స్‌లోనో ప్రాసెసర్ 100 శాతం దగ్గర కూర్చుంటోందంటే అప్పుడు దీనికి అర్థం ఉంటుంది. ఇంకోటి, ఈ చిప్‌లో నాలుగు కోర్లు నాలుగు థ్రెడ్లే, కొత్త గేమ్స్ కొన్ని ఎంత స్పీడ్ పెంచినా ఆగి ఆగి నడుస్తాయ్, విండోస్ 11 కూడా అఫీషియల్‌గా 8వ జెనరేషన్ నుంచే. ఇవన్నీ తెలిసే దిగండి.

మీ దగ్గర ఉన్నవాటితో అవుతుందా?

చాలామంది దెబ్బ తినేది ఇక్కడే. ప్రాసెసర్ పేరు చివర కే అక్షరం ఉండాలి, అంటే మల్టిప్లయర్ (స్పీడ్‌ని నిర్ణయించే గుణకం) లాక్ లేదని. మదర్‌బోర్డ్ కూడా ఒప్పుకోవాలి, దాని చిప్‌సెట్ (బోర్డు మీది ముఖ్యమైన కంట్రోల్ చిప్) పీ67, జెడ్68, జెడ్75, జెడ్77 వీటిలో ఏదో ఒకటి అయ్యుండాలి. మన దగ్గర అసెంబుల్ చేయించిన పాత సిస్టమ్స్‌లో ఎక్కువగా కనపడేది హెచ్61 బోర్డు, అందులో 2500కే పెట్టినా బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగ్స్) మల్టిప్లయర్ పెరగదు, ఎంత వెతికినా ఆ ఆప్షన్ పనిచెయ్యదు. సీపీయూ-జెడ్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ వేసి మెయిన్‌బోర్డ్ ట్యాబ్‌లో చిప్‌సెట్ పేరు చూస్కోండి, నిమిషంలో తేలిపోతుంది.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో గానీ ఆన్‌లైన్‌లో గానీ సెకండ్ హ్యాండ్ పీ67 బోర్డు కొంటుంటే ఒకటి గుర్తుపెట్టుకోండి. 2011 జనవరి చివర్లో ఇంటెల్ ఈ సిరీస్ చిప్‌సెట్‌లో లోపం ఉందని ఒప్పుకుని సరఫరా ఆపేసింది, 3 గిగాబిట్ సాటా పోర్టులు (డిస్కులు తగిలించేవి) కాలక్రమంలో పాడయ్యే అవకాశం ఉందని. సరిచేసిన రివిజన్ పేరు బీ3. బోర్డు మీదో బాక్స్ మీదో బీ3 అని ఉంటే నిశ్చింత, లేకపోతే డిస్కులు 6 గిగాబిట్ పోర్టులకే తగిలించండి, వాటికి ఆ సమస్య లేదు. జెడ్68, జెడ్77 ఆ తర్వాత వచ్చినవే కాబట్టి ఈ గొడవ లేదు.

బోర్డుని కూడా ఒకసారి కళ్ళతో చూడండి. ప్రాసెసర్ సాకెట్ పక్కన ఉండే చిన్న నల్ల చిప్స్ మీద హీట్‌సింక్ ఉందా లేదా, కెపాసిటర్లు (నిలబడి ఉండే చిన్న గుండ్రటి డబ్బాల్లాంటివి) పైన ఉబ్బి ఉన్నాయా. ప్రాసెసర్‌కి కరెంట్ ఇచ్చేది ఆ భాగమే, పదేళ్ళు దాటిన బోర్డు కదా, ఉబ్బిన కెపాసిటర్ ఒక్కటి కనపడినా ఓవర్‌క్లాక్ ఆలోచన మానెయ్యండి.

కూలర్, ఎస్‌ఎంపీఎస్, ఎండాకాలం

ఇంటెల్ బాక్స్‌లో వచ్చే చిన్న ఫ్యాన్‌తో ఈ పని చెయ్యకండి. నాలుగు ప్లాస్టిక్ పిన్నుల మీద నిలబడే ఆ కూలర్ మామూలు స్పీడ్‌కే మే నెలలో అరుస్తుంది. హైపర్ 212 లాంటి టవర్ కూలర్ ఏదైనా సరిపోతుంది, వాటర్ కూలింగ్ ఏం అక్కర్లేదు. 1155 సాకెట్‌కి కూలర్ దొరకదేమో అని భయపడకండి, 1150, 1151, 1200 సాకెట్లకి కూడా బోర్డు మీద రంధ్రాల దూరం ఇదే, వాటికి పట్టే కూలర్ దీనికీ పడుతుంది. పాత పేస్ట్ ఎండిపోయి పెంకులా అయిపోయుంటుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచేసి కొత్తది బఠాణీ గింజంత మధ్యలో పెట్టి కూలర్ బిగించండి, స్క్రూలు ఒకవైపు పూర్తిగా బిగించి ఇంకోవైపుకి వెళ్ళకుండా ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా తిప్పాలి.

ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ మొత్తానికి కరెంట్ ఇచ్చే డబ్బా) విషయంలో మొహమాటం పడొద్దు. క్యాబినెట్‌తో పాటు ఫ్రీగా వచ్చిన, మీద 450 వాట్స్ అని స్టిక్కర్ ఉన్న తేలికపాటి డబ్బా అయితే ముందు దాన్ని మార్చండి. లెక్క చూడండి, ప్రాసెసర్ తినే పవర్ స్పీడ్‌తో పాటు పెరుగుతుంది, వోల్టేజ్‌తో మాత్రం దాని వర్గం లెక్కన పెరుగుతుంది. 3.4 నుంచి 4.4కి వెళ్తూ వోల్టేజ్ 1.2 నుంచి 1.3 చేశారనుకోండి, స్పీడ్ వల్ల 1.29 రెట్లు, వోల్టేజ్ వల్ల 1.17 రెట్లు, రెండూ గుణిస్తే ఒకటిన్నర రెట్లు. 95 వాట్స్ చిప్ కాస్తా 140 దాటుతుంది. దానికి తోడు గ్రాఫిక్స్ కార్డ్. చిన్న యూపీఎస్ ఉన్నవాళ్ళు ఇది కూడా చూస్కోవాలి, 600 వీఏ యూపీఎస్ అంటే 600 వాట్స్ కాదు, మామూలుగా 360 వాట్స్ చుట్టూ ఉంటుంది, కరెంట్ పోయిన క్షణంలో అది కుయ్‌మని ఆగిపోతే సేవ్ చెయ్యని పని అంతా పోయినట్టే.

ఇక ఎండల సంగతి. ఇంగ్లిష్ గైడ్లు చదివి అక్కడి టెంపరేచర్లు చూసి మోసపోకండి, వాళ్ళ గది 20 డిగ్రీలు, మనది కాదు. ప్రాసెసర్ మీద పెట్టే కూలర్ ఎంత మంచిదైనా దాన్ని గదికన్నా చల్లగా చెయ్యలేదు, గది వేడి మీద ఇన్ని డిగ్రీలు ఎక్కువ అని మాత్రమే పనిచేస్తుంది. డిసెంబర్‌లో గది 22 ఉన్నప్పుడు ఫుల్ లోడ్‌లో 68 వచ్చిందంటే తేడా 46. అదే మేలో ఏసీ లేని గది 38 ఉంటే 84 అవుతుంది, రామగుండంలోనో రెంటచింతలలోనో ఉంటే ఇంకా పైనే. కాబట్టి చలికాలంలో సెట్ చేసేవాళ్ళు ఈ 16 డిగ్రీలు ముందే మినహాయించుకుని ఆగాలి. ఈ చిప్ 98 డిగ్రీల దగ్గర తనంతట తనే స్పీడ్ తగ్గించుకుంటుంది, అది లాస్ట్ గీత, మన గీత ఎండాకాలంలో కూడా 80 దాటకుండా అని పెట్టుకోండి. టేబుల్ కింద చెక్క అరలో తలుపేసి పెట్టిన క్యాబినెట్ అయితే ముందు దాన్ని బయటికి తియ్యండి, లోపల దుమ్ము బ్లోయర్‌తో కొట్టించండి, దీనికే చాలాసార్లు అయిదారు డిగ్రీలు తగ్గిపోతాయ్.

మార్చకముందు కొలుచుకోండి

ముఖ్యమైన ఫైల్స్, ఫోటోలు అన్నీ వేరే డిస్క్‌లోకి కాపీ చేసి ఆ డిస్క్ కేబుల్ పీకేసి పక్కన పెట్టండి. స్టేబుల్‌గా లేని ప్రాసెసర్ ఊరికే క్రాష్ అవ్వడమే కాదు, డిస్క్‌లోకి తప్పు డేటా కూడా రాసేస్తుంది, విండోస్ పాడైతే మళ్ళీ వేస్కోవచ్చు, పెళ్ళి ఫోటోలు మళ్ళీ రావు. ఈ టెస్టింగ్ జరిగేటప్పుడు విండోస్ అప్‌డేట్ కూడా పాజ్‌లో పెట్టండి.

తర్వాత మూడు సాఫ్ట్‌వేర్లు, సీపీయూ-జెడ్, టెంపరేచర్ కోసం హెచ్‌డబ్ల్యూఇన్ఫో, లోడ్ కోసం ప్రైమ్95. ఏమీ మార్చకుండా ప్రైమ్95లో స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ టెస్ట్ పదిహేను నిమిషాలు తిప్పండి. లోడ్‌లో ఎన్ని డిగ్రీలు, ఎంత వోల్టేజ్, గది వేడి ఎంత, ఈ మూడూ కాగితం మీద రాసుకోండి, ఫోన్‌లో కాదు కాగితం మీదే, ఎందుకో తర్వాత మీకే అర్థమవుతుంది. ఇక్కడే 80 దాటిందంటే కూలర్ సరిగ్గా కూర్చోలేదన్నమాట, ముందు అది చూడండి. కొత్త ప్రైమ్95 వెర్షన్లు ఏవీఎక్స్ (ప్రాసెసర్‌లో భారీ లెక్కల కోసం ఉండే ఆదేశాలు) వాడి మామూలు వాడకంలో ఎప్పుడూ రానంత వేడి పుట్టిస్తాయి, అది ఆపేసే టిక్ బాక్స్ టెస్ట్ విండోలోనే ఉంటుంది, మొదటిసారి చేసేవాళ్ళు ఆపుకునే మొదలుపెట్టండి.

బయోస్‌లో

కంప్యూటర్ ఆన్ అవుతుండగా డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కుతూ ఉంటే బయోస్ వస్తుంది. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది, ఒకడు రేషియో అంటాడు, ఇంకొకడు మల్టిప్లయర్ అంటాడు, విషయం ఒకటే. బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్, దాన్ని మల్టిప్లయర్‌తో గుణిస్తే స్పీడ్. 42 పెడితే 4.2 గిగాహెర్ట్జ్. అంతే.

బేస్ క్లాక్ 100 దగ్గరే వదిలెయ్యండి, ముట్టుకోవద్దు. ఈ జెనరేషన్‌లో పీసీఐఈ (గ్రాఫిక్స్ కార్డ్ కూర్చునే స్లాట్), సాటా కూడా అదే క్లాక్ మీద నడుస్తాయ్, నాలుగైదు మెగాహెర్ట్జ్ పెంచితేనే డిస్క్ కనపడకుండా పోవడం మొదలవుతుంది, దానివల్ల వచ్చే లాభం ఏమీ లేదు.

మల్టిప్లయర్ ఆప్షన్ దగ్గర అన్ని కోర్లకీ ఒకటే అనే సెట్టింగ్ ఎంచుకుని 40 పెట్టండి. ర్యామ్ ప్రస్తుతానికి 1333 దగ్గర, 1.5 వోల్ట్స్ దగ్గర ఉంచండి, ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని మీద రాసిన స్పీడ్‌లో నడిపే సెట్టింగ్) సంగతి అన్నీ అయ్యాక చూద్దాం, ఇప్పుడే అదీ ఇదీ రెండూ మారిస్తే క్రాష్ అయినప్పుడు దేనివల్లో తెలీదు. టర్బో పవర్ లిమిట్ అని వాట్స్‌లో రెండు ఆప్షన్లు కనపడితే 200 లాంటి పెద్ద నంబర్ పెట్టెయ్యండి, లేకపోతే లోడ్ పడగానే స్పీడ్ తనే దిగిపోతుంది. సీ1ఈ, స్పీడ్‌స్టెప్ రెండూ ఆన్‌లోనే ఉంచండి, పాత గైడ్లలో వాటిని ఆపెయ్యమంటారు గానీ 4.5 లోపు అవసరం లేదు, అవి ఉంటే పనిలేనప్పుడు ప్రాసెసర్ 1.6 గిగాహెర్ట్జ్‌కి దిగి చల్లగా కూర్చుంటుంది, కరెంట్ బిల్లూ తగ్గుతుంది.

ఇప్పుడు అసలు విషయం, వోల్టేజ్. ఈ గైడ్ మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి, వీకోర్‌ని (ప్రాసెసర్ కోర్లకి ఇచ్చే వోల్టేజ్) ఆటోలో వదలొద్దు. ఆటోలో ఉంటే మీరు స్పీడ్ పెంచే కొద్దీ బోర్డు ఎందుకైనా మంచిదని అవసరమైనదానికన్నా ఎక్కువ వోల్టేజ్ ఎక్కిస్తుంది, 1.25 చాలే చోట 1.38 ఇచ్చి కూర్చుంటుంది, మీకేమో అన్నీ బాగానే నడుస్తున్నట్టు కనపడుతుంది, లోపల చిప్ వేడెక్కుతూ అరుగుతూ ఉంటుంది. వన్ క్లిక్ ఓవర్‌క్లాక్ బటన్లు, ఆటో ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్లు వద్దనేది కూడా ఇందుకే. స్పీడ్ వల్ల చిప్ పాడవ్వడం అరుదు, ఎక్కువ స్పీడ్ పెడితే క్రాష్ అవుతుంది, తగ్గిస్తే మామూలైపోతుంది, పాడుచేసేది వోల్టేజూ వేడీ కలిసి. మాన్యువల్ మోడ్ పెట్టి 1.20తో మొదలుపెట్టండి. 2500కేకి గాలి కూలర్ మీద రోజూ వాడకానికి జనం ఏళ్ళ తరబడి పాటించిన గీత 1.35, నేనైతే పాత చిప్ కాబట్టి 1.32 దగ్గరే ఆగమంటా.

దాని పక్కనే లోడ్ లైన్ క్యాలిబ్రేషన్ అని ఒకటి ఉంటుంది. లోడ్ పడినప్పుడు వోల్టేజ్ కొంచెం కిందకి జారుతుంది, ఆ జారుడుని ఇది ఆపుతుంది. పూర్తిగా ఆఫ్ చేస్తే లోడ్‌లో క్రాష్, ఎక్స్‌ట్రీమ్ పెడితే లోడ్ తీసేసిన క్షణంలో వోల్టేజ్ మీరు పెట్టినదానికన్నా పైకి ఎగురుతుంది, మధ్యలో ఉన్న లెవెల్ పెట్టి మర్చిపోండి. పీఎల్ఎల్ ఓవర్‌వోల్టేజ్ అనేది 4.7, 4.8 పైన ప్రయోగాలు చేసేవాళ్ళకి, మనకి వద్దు, ఆఫ్.

మెట్టు మెట్టుగా

సేవ్ చేసి విండోస్‌లోకి రండి. ప్రైమ్95 పదిహేను నిమిషాలు, పక్కన హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి ఉంచి నాలుగు కోర్లలో ఎక్కువ వేడిగా ఉన్నదాన్ని చూడండి, సగటు కాదు. పాసైతే బయోస్‌లోకి వెళ్ళి 41, మళ్ళీ టెస్ట్, 42, మళ్ళీ టెస్ట్. ప్రతిసారీ ఒక్కటే మార్చండి, మార్చింది కాగితం మీద రాయండి. ఎక్కడో ఒకచోట క్రాష్ అవుతుంది, అవ్వాలి కూడా, అప్పుడు మల్టిప్లయర్ ముట్టుకోకుండా వోల్టేజ్ 0.01 లేదా 0.02 పెంచి అదే టెస్ట్ మళ్ళీ చెయ్యండి.

క్రాష్ ఎలా అయిందో చూస్తే ఏం చెయ్యాలో కొంత తెలుస్తుంది. బ్లూ స్క్రీన్ మీద డబ్ల్యూహెచ్ఈఏ అన్‌కరెక్టబుల్ ఎర్రర్ అనో, పాత విండోస్‌లో చివర 124 అనే కోడో, క్లాక్ వాచ్‌డాగ్ టైమౌట్ అనో వస్తే దాదాపుగా వీకోర్ చాలట్లేదని. మెమరీ మేనేజ్‌మెంట్ అని వస్తే ముందు ర్యామ్‌ని అనుమానించండి. ప్రైమ్95లో నాలుగు వర్కర్లలో ఒకటి మాత్రం ఎర్రర్ చూపించి ఆగిపోయి, కంప్యూటర్ మామూలుగా నడుస్తూ ఉంటే, దాన్నీ ఫెయిల్ కిందే లెక్కెయ్యండి, ఒక కోర్ లెక్క తప్పు చేసిందన్నమాట, ఇది బ్లూ స్క్రీన్‌కన్నా ప్రమాదం ఎందుకంటే బయటికి కనపడదు.

అసలు డిస్‌ప్లేనే రాకపోతే కంగారు పడకండి. చాలా బోర్డులు ఒకట్రెండు సార్లు బూట్ ఫెయిలయ్యాక తమంతట తామే పాత సెట్టింగ్స్‌కి వచ్చి ఓవర్‌క్లాక్ ఫెయిలైంది అని మెసేజ్ చూపిస్తాయి. రాకపోతే పవర్ కేబుల్ పీకి, బోర్డు మీద ఉండే గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ తీసి, ఐదు నిమిషాలాగి మళ్ళీ పెట్టండి, లేదా క్లియర్ సీమాస్ అని ఉన్న రెండు పిన్నులు కొద్దిసేపు కలపండి. అన్నీ మొదటికొస్తాయి, డేట్ టైమ్‌తో సహా. కాగితం మీద రాసుకోమన్నది ఇందుకే.

ఎక్కడ ఆగాలి అంటే, ఒక్క మెట్టు ఎక్కడానికి అడిగే వోల్టేజ్ హఠాత్తుగా పెరిగిపోయే చోటు ఒకటి ప్రతి చిప్‌కీ ఉంటుంది. 43 దాకా 0.02 చొప్పున సరిపోయి 44 నుంచి 45కి ఒకేసారి 0.06 అడిగిందంటే ఆ చిప్ మీకు చెప్పాల్సింది చెప్పేసింది, 44కి రండి. ఆ చివరి 100 మెగాహెర్ట్జ్ గేమ్‌లో కంటికి కనపడదు, టెంపరేచర్‌లో మాత్రం బాగా కనపడుతుంది. పక్కింటి అబ్బాయి చిప్ 4.7 వెళ్ళిందని మీది వెళ్ళాలని లేదు, ఒకే ఫ్యాక్టరీ నుంచి వచ్చినా ఏ రెండు చిప్పులూ ఒకలా ఉండవు.

ఆగిన చోట పెద్ద టెస్ట్ చెయ్యండి. ప్రైమ్95 స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ రెండు మూడు గంటలు, తర్వాత బ్లెండ్ టెస్ట్ ఇంకొన్ని గంటలు, వీలైతే మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలుపెట్టండి, రాత్రి ఫ్యాన్ కింద కాదు. అవీ పాసైతే మీరు మామూలుగా వాడేది వాడండి, గేమ్, ఎడిటింగ్, యూట్యూబ్, స్లీప్‌లో పెట్టి లేపడం. గంటలు గంటలు ప్రైమ్ పాసై స్లీప్ నుంచి లేచేటప్పుడు వేలాడిపోయే సిస్టమ్స్ కూడా ఉంటాయ్. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో కింద డబ్ల్యూహెచ్ఈఏ ఎర్రర్స్ అని ఒక లైన్ ఉంటుంది, అది సున్నాగానే ఉందా చూస్కోండి, నంబర్ పెరుగుతుంటే ఇంకో 0.01 ఇవ్వండి. ఇప్పుడు ర్యామ్‌కి ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్కోవచ్చు, 1600 ర్యామ్ అయితే ఇబ్బంది ఉండదు, ర్యామ్ వోల్టేజ్ మాత్రం 1.65 దాటనీయకండి. అన్నీ కుదిరాక బయోస్‌లో ప్రొఫైల్‌గా సేవ్ చేసి, దాని పక్కనే రెండు మెట్లు తక్కువ స్పీడ్, తక్కువ వోల్టేజ్‌తో ఇంకో ప్రొఫైల్ కూడా సేవ్ చేసి పెట్టుకోండి, ఏప్రిల్ రాగానే దానికి మారిపోవచ్చు.

కే లేని చిప్ ఉంటే

ఐ5-2400 లాంటిది పీ67, జెడ్68, జెడ్77 బోర్డులో ఉంటే మామూలు టర్బో మీద ఇంకో నాలుగు మెట్లు పెంచుకోనిస్తుంది, అదే హద్దు, ఫ్రీగా వచ్చేదే కాబట్టి తీస్కోండి. హెచ్61లో అదీ లేదు. అంతకన్నా పాతది, కోర్ 2 డ్యువో, కోర్ 2 క్వాడ్ ఉన్నవాళ్ళకి లెక్క వేరు, అక్కడ మల్టిప్లయర్ పైకి పెరగదు, ఎఫ్ఎస్‌బీ (ఫ్రంట్ సైడ్ బస్, ఆ చిప్పుల్లో బేస్ క్లాక్ లాంటిది) పెంచాలి. క్యూ6600 అంటే 266 ఇంటూ 9, 2.4 గిగాహెర్ట్జ్, ఎఫ్ఎస్‌బీ 333 చేస్తే 3.0. కానీ ఎఫ్ఎస్‌బీతో పాటు ర్యామ్ స్పీడ్ కూడా పెరుగుతుంది, అందుకే ముందు ర్యామ్ రేషియో తగ్గించి తర్వాత ఎఫ్ఎస్‌బీ పెంచాలి, బయోస్‌లో పీసీఐఈ క్లాక్‌ని 100 దగ్గర లాక్ చేసే ఆప్షన్ ఉంటుంది, అది తప్పకుండా చెయ్యాలి. నేర్చుకోడానికి సరదాగా ఉంటుంది, పనికొచ్చే ఫలితం మాత్రం ఆశించకండి.

ఏడాది తర్వాత ఏ కారణం లేకుండా మళ్ళీ 124 కోడ్ బ్లూ స్క్రీన్లు మొదలైతే ముందు వోల్టేజ్ పెంచకండి. కూలర్ దుమ్ము, పేస్ట్, ఫ్యాన్ తిరుగుతుందా, ఈ మూడూ చూసి ఆ కాగితం తీసి మొదటి టెంపరేచర్లతో పోల్చండి, గది వేడి తేడా తీసేసి. వేడి అప్పట్లాగే ఉండి కూడా క్రాష్ అవుతుందంటే చిప్ కొంచెం అరిగింది, మల్టిప్లయర్ ఒకటి తగ్గించి అదే వోల్టేజ్ మీద వాడుకోండి, ఇంకా చాలాకాలం నడుస్తుంది.